హులిగమ్మ పట్టిన ఎదురు సాలు

పెద్దకడుబూరు బస్టాండులో నా సైకిల్ షాపుకు వచ్చే ప్రతివాడూ ఈమధ్య ఒకటే అడుగుతున్నాడు. "ఏం సుధాకరన్నా, పందెంలో ఓడిపోతిరంట గదా?" పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు వేయించుకుని పోవచ్చు కదా, పోడు. టీ గ్లాసు పట్టుకుని స్టూలు మీద చతికిలబడి, "సుగ్గికి పోయే ఆయమ్మను ఎందుకు చేర్చుకుంటిరప్పా, ఇంగెవురూ దొరకలేదా?" అని మొదలుపెడతాడు. అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. చేతిలో పానా కింద పెట్టి మొత్తం సంగతి మొదటినుంచీ చెబుతాను. వాడి బస్సు వెళ్లిపోయినా సరే, వదలను. మీకూ అట్లాగే చెబుతాను.

సుగ్గి అంటే మా పక్క అందరికీ తెలుసు. పత్తి పని అయిపోయాక డిసెంబరులో ఇక్కడి పల్లెల్లో చేయడానికి ఏమీ ఉండదు. జనం గిన్నెలూ దుప్పట్లూ మూటగట్టి లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. మార్చి చివరన తిరిగొస్తారు. హులిగమ్మ, ఆమె మొగుడు తిక్కయ్య కూడా అట్లా పోయేవాళ్లే. మా ఊరికి ఆనుకునే వాళ్ల పల్లె. హులిగమ్మకు నలభై దాటాయి. మనిషి పొడుగు, బక్క. చీర మీద ఎప్పుడూ మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా. చేనుకు ఈ కొసన నిలబడి మాట్లాడితే ఆ కొసన వినబడే గొంతు ఆమెది. రహస్యం చెప్పడం ఆమెకు చేతకాదు.

ఆమె నాకు పరిచయమైంది కూతురు మల్లేశ్వరి సైకిలు వల్ల. బడిలో ఇచ్చిన సైకిలు అది. సుగ్గికి పోయే రోజు తల్లీకూతుళ్లు దాన్ని నడిపించుకుంటూ నా షాపుకు వచ్చేవాళ్లు. ఇంటికి తాళం వేసి పోతే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. "మూడు నెల్లు నీ కాడ పెట్టుకోన్నా. ఎవురూ తొక్కకుండా సూడు" అనేది హులిగమ్మ. పిల్ల మాత్రం నోరు విప్పేది కాదు. హ్యాండిలు పట్టుకుని అట్లాగే నిలబడేది. లారీవాడు హారన్ మీద హారన్ కొడితే గానీ వదిలేది కాదు. ఎనిమిదిలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి అట్లాగే పోయింది. బడిలో అయ్యవార్లు జాలిపడి ఎట్లాగో గట్టెక్కించారు. ఈ ఏడు పదో తరగతి. పది పరీక్షలు మార్చిలోనే కదా, ఆ పిల్ల మిరప చేలో ఉండే రోజుల్లోనే. జాలిపడి గట్టెక్కించడం పదిలో కుదరదు.

సరిగ్గా అప్పుడే పందెం కబురు వచ్చింది. కొండలెక్కే సంఘం వాళ్లు ఎవరో బెంగళూరు నుంచి వచ్చి పెట్టారు. పొద్దు పొడుస్తూనే నందవరం అవతల తుంగభద్రలో పుట్టి వేసుకుని ఏరు దాటి రావాలి. ఒడ్డు నుంచి యెమ్మిగనూరుకు కాళ్ల మీద పోవాలి. యెమ్మిగనూరు నుంచి పెద్దకడుబూరుకు సైకిలు. పెద్దకడుబూరులో సైకిళ్లు వదిలేసి చేలకు అడ్డం పడి ఆదోని కొండలకు మళ్లీ నడక. కొండ ఎక్కి అవతల దిగితే ముగింపు తాడు. పొద్దు గూకేలోపల ఆ తాడు దాటాలి. జట్టుకు నలుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. నలుగురూ కలిసే దాటాలి, ఒక్కరు తగ్గినా జట్టు లెక్కలోకి రాదు.

దీనికి ఎవరు పోతారు, ఎండలో చావనా అంటారేమో. ఒక ఆశ ఉంది. ఆదోని కొండల దగ్గర ఆ సంఘం వాళ్లు శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు. మా మండలాల జట్టు ఏదైనా పొద్దు గూకేలోపు పందెం ముగిస్తే ఆ నలుగురికీ అందులో ఏడాది పొడవునా పని ఇస్తామన్నారు.

నేను వయసులో ఉన్నప్పుడు జాతర్లలో సైకిలు పందేలు తొక్కినవాణ్ణి, కాబట్టి దురద ఆగలేదు. డిగ్రీ చదువుతూ పోలీసు ఉద్యోగం కోసం పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే నందిని చేరింది. నందవరం పక్క ఏట్లో చేపలు పట్టే మహేంద్ర చేరాడు. పుట్టి నడపడంలో వాణ్ణి మించినవాడు లేడు, ఒంట్లో బలానికీ లోటు లేదు. కానీ నేల మీద వాడు నడిస్తే నిండు గర్భిణి నడిచినట్టు ఉంటుంది. ఇంకో ఆడమనిషి కావాలి. నందినిది హులిగమ్మ పల్లే. "హులిగమ్మ సిన్నమ్మను పిలుద్దాం మామా" అంది.

"ఆయమ్మకు సైకిలు వస్తాదా?"

"మల్లేశ్వరి నేర్పిస్తాంది మామా. ఇప్పుడిప్పుడే పడకుండా పోతాంది."

ఇప్పుడిప్పుడే పడకుండా పోతోందట! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముఖం మీదనే వద్దని చెప్పేద్దామని నేరుగా ఆమె పని చేసే పత్తి చేనుకు పోయాను.

పోయేసరికి గుంపంతా తలా ఒక సాలు పట్టుకుని పత్తి తీస్తోంది. హులిగమ్మ చేతులు ఎట్లా ఆడాయో చూసి తీరాలి. రెండు చేతులూ రెండు చెట్ల మీద ఒకేసారి. అందరూ సగం సాలులో ఉండగానే ఆమెది అయిపోయింది. ఇంక గట్టు మీద కూర్చుని నీళ్లు తాగొచ్చు. ఆమె ఒడిలోని పత్తి కుప్పలో పోసి, అందరికన్నా వెనకబడిన ముసలామె అంజినమ్మ సాలుకు అవతలి కొసకు పోయింది. అక్కడినుంచి ఎదురుగా తీసుకుంటూ రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు. అంజినమ్మ ఒక మాట అనలేదు, ఈమె ఒక మాట అనలేదు. ఇద్దరూ కలిసి ఇంకొకరి సాలుకు ఎదురు పోయారు.

"ఏం పని హులిగమ్మా ఇది? ఆ ముసలామె పిలిచిందా నిన్ను?" అని అడిగాను.

"పిలిస్తే ఎట్లన్నా? ఇది ఎదురు సాలు. అడగగూడదు, అడిగించుకోగూడదు. సూసి రావల్ల, అంతే."

"అడిగితే ఏమయితాది?"

"అడిగినామె తల యాడ పెట్టుకోవల్ల? రేపు ఆమె పనికే రాదు" అంది. అంత మాత్రం తెలియదా అన్నట్టు నన్ను చూసింది. "అందరి సాళ్లూ అయితే గానీ మా ఆటో కదల్దు గదన్నా. ముందు అయిపోయి నేనేం జేసేది, గట్టు మీద కూచ్చోని గోళ్లు గిల్లుకునేదా?"

నేను వచ్చిన పని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆమే అడిగింది. గొంతు మామూలుకన్నా తగ్గించి అడిగింది. అంటే చుట్టుపక్కల చేలవాళ్లకు మాత్రం వినబడలేదు. "అన్నా, ఆ కొండ కాడ పని నిజంగా సంవత్సరమంతా ఉంటాదా?"

"ఉంటాదనే సెప్పినారు."

"అట్లయితే సుగ్గికి పోయేది తప్పుతాది. మా పాప పది రాస్తాది" అంది. కళ్లు నా మీద లేవు, పల్లె వైపు ఉన్నాయి.

వద్దని చెప్పడానికి పోయినవాణ్ణి ఇంటికి వచ్చి మల్లేశ్వరి సైకిలుకు సీటు ఎత్తు పెంచి, బ్రేకులు మార్చాను. మా ఆవిడ హెప్సిబా చూసి, "వద్దని సెప్పి వచ్చినావా?" అని ఒకటే నవ్వు.

పందెం రోజు ఏటి ఒడ్డున ఆమెను చూసి బెంగళూరు పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. చీర, దాని మీద మొగుడి చొక్కా, దాని మీద సంఘంవాళ్లు ఇచ్చిన టీషర్టు, దాని మీద నీళ్లలో తేల్చే జాకెట్టు. కాళ్లకు ఆదోని బజారులో కొన్న కొత్త బూట్లు. వాటిని మాటిమాటికీ వంగి తుడుచుకుంటోంది. పుట్టి ఎక్కాక మాత్రం గొంతు గొంతంతా పోయింది. కళ్లు గట్టిగా మూసుకుని నందిని జడ పట్టుకుని, "నేల యాడ ఉండాదో సెప్పండప్పా, నేల యాడ ఉండాదో సెప్పండి" అని ఒకటే పాట. మిగతా జట్ల పుట్లు ఏట్లో గిర్రున తిరుగుతుంటే మహేంద్ర మమ్మల్ని గీత గీసినట్టు ఒడ్డుకు చేర్చాడు. అందరికన్నా ముందు దిగింది మేమే. అది ఎవడూ చెప్పడు!

ఒడ్డు దాటాక మహేంద్ర సంగతి బయటపడింది. యెమ్మిగనూరు దారిలో నందిని, హులిగమ్మ ముందు పోయారు. వాడు నా పక్కన పొయ్యి మీద పాలకుండలా పొంగుతూ వస్తున్నాడు. యెమ్మిగనూరు ఊరి బయట మొదటి చెక్‌పోస్టు. వాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు, మేం చెక్‌పోస్టు అన్నాం. రంగు రిబ్బను కట్టి ఉంటుంది. అది దాటి కార్డుకు చిల్లు వేయించుకోవాలి. ఒకసారి దాటినవాళ్లు వెనక్కి రాకూడదు. వస్తే జట్టు మొత్తం అక్కడే అరగంట కూర్చోవాలి. ఈ సంగతి ముందురోజు మైకులో చెప్పారు, నేనూ చెప్పాను.

హులిగమ్మ దాటింది. చిల్లు వేయించుకుంది. వెనక్కి తిరిగి చూసింది. దూరంగా మహేంద్ర. అంతే, రిబ్బను ఎత్తుకుని మాకు ఎదురు వచ్చేసింది! ఆదోని నుంచి వచ్చిన ఉచ్చీరప్ప అనే ఆయన ఆ చెక్‌పోస్టు చూస్తున్నాడు. విజిలు ఊదుతూనే ఉన్నాడు. ఆమె ఎందుకు ఆగుతుంది? వచ్చి మహేంద్ర వీపు మీది సంచి లాక్కుని భుజానికేసుకుని, "పదప్పా, పద" అంది.

అరగంట! ఏట్లో సంపాదించిందంతా పాయె. నేను టోపీ తీసి నేలకు కొట్టాను. "నీకేమన్నా తిక్క పట్టిందామ్మా? సెప్పినా గదా, పది సార్లు సెప్పినా గదా!" అని ఊరంతా వినేట్టు అరిచాను.

"యాది లేకపాయెన్నా" అంది. తర్వాత మెల్లగా, "ఈ యప్ప సాలు ఇంగా మిగిలి ఉండాది గదా" అంది. తల వంచుకుని మూట విప్పి జొన్నరొట్టె నాలుగు ముక్కలు చేసి మొదటి ముక్క నాకే ఇచ్చింది. "తినన్నా. తిట్టేకి గూడా బలం కావల్ల గదా." మా కళ్ల ముందే మిగతా జట్లన్నీ ఒకటి తర్వాత ఒకటి దాటిపోయాయి. నేను కోపంగానే తిన్నాను. శెనక్కాయల పొడి బాగుంది, అది వేరే సంగతి.

సైకిళ్లెక్కాక నా రాజ్యం. ఎదురుగాలి కొడుతోంది. హులిగమ్మను నా వెనక చక్రానికి అంటుకునే రమ్మన్నాను, గాలి తగలదని. అట్లాగే వచ్చింది. గేర్ల సైకిళ్ల మీద నల్ల కళ్లద్దాలు వేసుకుని తొక్కేవాళ్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాం. దాటిన ప్రతివాణ్ణీ ఆమె "నీళ్లు ఉండాయా నాయనా?" అని అడుగుతోంది. పెద్దకడుబూరు రాగానే నా షాపు ముందు హెప్సిబా ఉగ్గాని గిన్నెతో నిలబడి ఉంది. పక్కన మల్లేశ్వరి. తల్లిని చూడగానే ఆ పిల్ల రోడ్డు వెంట పరుగు. "మా! బ్రేకు పట్టుమా! కాళ్లు కింద పెట్టొద్దు! బ్రేకు!" ఇన్నాళ్లూ నోరు విప్పని పిల్ల అది. ఆమె బ్రేకు పట్టింది. కాళ్లు కూడా కింద పెట్టింది. సైకిలు ఆగాక మల్లేశ్వరి చున్నీతో సీటు తుడిచి, చైను చూసి, సైకిలుకు ఏమీ కాలేదని తేల్చుకుని అప్పుడు తల్లి ముఖం చూసింది. "నీకేం గాలేదు గదా మా?"

"నాకేమయితాది. పొద్దు గూకేలోపల ఆడ ఉంటా, సూడు" అంది హులిగమ్మ. కూతురి ముఖం రెండు చేతులా నిమిరి కణతలకు మెటికలు విరుచుకుంది. ఉగ్గాని నోట్లో కుక్కుకుంటూనే కదిలాం.

ఆ వారంలో వాన పడింది. నల్లరేగడి సంగతి మీకు తెలియకపోతే ఒకసారి వచ్చి నడవండి. ఒక్కో బూటు ఒక్కో ఇటుక బరువు. హులిగమ్మ మాత్రం బూట్లు విప్పి మెడకు తగిలించుకుంది. "పాడయితాయన్నా, కొత్తవి" అంది. మా జట్టు ఎంత వెనకబడినా ఆ చేలల్లో ఆమెకు ఎదురులేదు. ఏ గట్టు మీద పోతే బురద తక్కువో, ఎక్కడ కంప ఉందో, ఆమె కాళ్లే చూసుకుంటాయి. ఆమె అడుగులోనే అడుగు వేసి మేమూ పోయాం. కొండ కింద చెక్‌పోస్టు వచ్చింది. ఉచ్చీరప్ప బండి మీద ముందే వచ్చి అక్కడ నిలబడి ఉన్నాడు. ఈసారి హులిగమ్మ రిబ్బను దాకా పోయింది, కాలి వేళ్లు దానికి ఆనించింది, దాటలేదు. గిరుక్కున తిరిగి మహేంద్రకు ఎదురు వచ్చి సంచి తీసుకుంది. "దాటలేదు సూడప్పా నేను! విజిలు ఊదొద్దు!" అని అక్కణ్ణుంచే కేక. ఉచ్చీరప్ప విజిలు జేబులో వేసుకుని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కోపం ఎంతసేపని పెట్టుకోను?

కొండ ఎక్కడం మొదలుపెట్టేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. మాకు ముందున్న జట్లు కొండ మీదనే కనబడుతున్నాయి. అందుతుందని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది. హులిగమ్మ రాళ్లు గుచ్చుకుంటాయని బూట్లు మళ్లీ వేసుకుంది. తన సంచీ మహేంద్ర సంచీ రెండూ ఆమె వీపు మీదనే. "మీరు ముందు నడవండి. ఈ యప్పను ఎక్కియ్యండి. నేను ఎనకనే వస్తా" అంది. నేనూ నందినీ మహేంద్రను లాగుతూ నెడుతూ పైకి చేర్చాం. పైన ఆఖరి చెక్‌పోస్టు. ఉచ్చీరప్ప అవతల మెట్లదారిన ఎక్కి వచ్చాడు. ముగ్గురం దాటాం, చిల్లులు వేయించుకున్నాం. కింద ఆదోని ఊరు, ఊరి అంచున ముగింపు షామియానా తెల్లగా కనబడింది. ఇంక దిగడమే. హులిగమ్మ రావాలి, అంతే.

వెనక్కి చూస్తే ఆమె లేదు.

చాలా కింద, రెండు రాతిగుండ్ల మధ్య కూర్చుని ఉంది. కొత్త బూటు కదా, గుండు మీద జారి కాలు సందులో పడింది. చీలమండ మడత పడింది. చేత్తో పట్టుకుని ఉంది. మేం చూస్తున్నామని తెలియగానే చెయ్యి ఎత్తి ఊపింది.

"రావొద్దు! ఎవురూ దాటొద్దు! అరగంట పోతాది! నేనే వస్తాండా!"

సంచులు రెండూ పక్కన పెట్టి, కూర్చునే వెనక్కి జరుగుతూ, చేతులతో ఒక గుండు ఎక్కింది. ఆగింది. ఇంకో గుండు. ఉచ్చీరప్ప నా పక్కకు వచ్చి మెల్లగా, "దాటితే నేను రాయల్ల అన్నా. పొద్దు సూడండి" అన్నాడు. పాపం, ఆయన చేతిలో ఏముంది. నందిని రిబ్బను పట్టుకుని ఏడుస్తోంది. "ఆగుదాం మామా. వచ్చేస్తాది సిన్నమ్మ. వచ్చేస్తాది."

వచ్చేదేమో. నా షాపుకొచ్చే మొనగాళ్లందరూ ఇదే అంటారు. "నువ్వు గమ్మున నిలబడింటే ఆయమ్మే వచ్చేది గదా." వాళ్లు ఆ అరుపు వినలేదు. మూడో గుండు మీద ఆమె చెయ్యి పట్టుతప్పి ఆ కాలి మీదనే పడింది. పడి అరిచింది. చేనంతా దాటిపోయే గొంతు కదా అది, కొండ కొండంతా వినబడింది. అరిచి మళ్లీ పైకి జరగడం మొదలుపెట్టింది. నావల్ల కాలేదు. రిబ్బను ఎత్తి దాటాను.

"అన్నా! నీకు దండం పెడతా, రావొద్దు!" రెండు చేతులూ జోడించింది. "పాప పది పోతాదన్నా! పోన్నా ఎనక్కు!"

"గమ్మునుండమ్మా!" అని అరిచాను. వెనక నందిని, మహేంద్ర దిగుతున్న చప్పుడు వినబడింది. మేం దగ్గరికి పోయేసరికి ఆమె మా వైపు చూడలేదు. చొక్కా చేతిలో ముఖం దాచుకుని, "వచ్చేదాన్నే గదప్పా, వచ్చేదాన్నే గదా" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

పైకి మోసుకుపోయి నలుగురం అరగంట కూర్చున్నాం. ఉచ్చీరప్ప తన తువ్వాలు తడిపి ఆమె చీలమండకు కట్టాడు. రూలు ఒప్పుతుందో లేదో ఆయన్నే అడగాలి. ఎదురుగా పొద్దు దిగుతూ ఉంది, మేం చూస్తూ ఉన్నాం. తర్వాత మహేంద్ర ఆమెను వీపున వేసుకున్నాడు. నడవడమే చేతకాదని నేను అన్నవాడు, కొండంతా ఆమెను మోసుకుంటూ ఒక్కచోట కూడా ఆగకుండా దిగాడు. అడుగున షామియానా దీపాలు వెలిగించి, కుర్చీలు మడతలు పెడుతున్నారు. తాడు మాత్రం ఇంకా తీయలేదు. మహేంద్ర ఆమెను దించాడు. ఆమె ఒంటికాలి మీద నిలబడి మా భుజాలు పట్టుకుంది. నలుగురం కలిసే దాటాం. కుర్చీలు సర్దేవాళ్లు చప్పట్లు కొట్టారు. సంఘంవాళ్లు మంచివాళ్లే, వచ్చే ఏడు తప్పకుండా రండి అన్నారు. వచ్చే ఏడు! పది పరీక్ష ఈ ఏడు కదా.

ఎముక విరగలేదు, వాపే అన్నారు డాక్టరు. తిరుగు ఆటోలో హులిగమ్మ కాలు చాపుకుని కూర్చుంది. మా ఊరు దగ్గరపడ్డాక, "ఎందుకొచ్చినావన్నా?" అంది.

"నువ్వు అంజినమ్మకు ఎందుకు పోయినావు?"

"అది పత్తి గదన్నా. పొద్దు గూకితే రేపు తీసుకుంటాం. ఇది పోతే పాయె" అంది.

డిసెంబరు వచ్చింది. సుగ్గి లారీ బస్టాండులో ఆగింది. తిక్కయ్య మూటల మీద కూర్చుని ఉన్నాడు. తల్లీకూతుళ్లు ఎప్పటిలాగే సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. హులిగమ్మ కాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. పిల్ల భుజాన బట్టల మూట. ముఖం చూడలేకపోయాను.

"మూడు నెల్లు నీ కాడ పెట్టుకోన్నా. ఎవురూ తొక్కకుండా..."

"సోటు ల్యాదు" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. నేనెప్పుడూ లేదనలేదు కదా. "ఓ మూలకు పెట్టుకోన్నా, అడ్డం రాదు."

"మూల గూడా ల్యాదు. ఊరకే నిలబెట్టే సైకిళ్లకు ఈడ సోటు ల్యాదమ్మా. దినామూ తొక్కేవాళ్లుంటే సైకిలు పెట్టు, ల్యాకుంటే తీసకపో."

ఆమెకు అర్థం కాలేదు. షాపు వెనకే మా ఇల్లు. హెప్సిబా బయటికి వచ్చింది. ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా మల్లేశ్వరి భుజం మీది మూట తీసుకుని లోపలికి పోయింది. మూట వెంట హులిగమ్మ కళ్లు పోయాయి. తెరిచిన తలుపులోంచి లోపల కిటికీ కింద ఒక చిన్న బల్ల కనబడుతోంది. ముందురోజు మహేంద్ర నందవరం నుంచి ఆటోలో వేసుకుని వచ్చి దించిపోయిన బల్ల అది. బల్ల పక్కన నేల మీద నందిని కూర్చుని తన పాత పదో తరగతి పుస్తకాలకు అట్టలు వేస్తోంది. సాయంత్రాలు కాలేజీ నుంచి వచ్చి లెక్కలు తనే చెబుతానంది.

హులిగమ్మ చాలాసేపు చూసింది. "నేను అడగలేదు గదన్నా" అంది. ఆ గొంతు పక్కన నిలబడిన నాకే సరిగ్గా వినబడలేదు.

"అడిగింటే వచ్చేవాళ్లం గాదు" అన్నాను.

చొక్కా చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. లారీవాడు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె కూతురి తల మీద చెయ్యి పెట్టి, కాలు ఈడ్చుకుంటూ పోయి లారీ ఎక్కింది. తిక్కయ్య చెయ్యి అందించాడు. లారీ కదిలి బస్టాండు దాటాక గానీ ఆమె గొంతు రాలేదు. వచ్చిందంటే అంగళ్లవాళ్లందరూ తిరిగి చూశారు.

"అన్నా! దినామూ తొక్కనీ! బాగా తొక్కనీ!"

మల్లేశ్వరి హ్యాండిలు పట్టుకునే నిలబడి ఉంది. లారీ మలుపు తిరిగాక సైకిలెక్కి బడికి పోయింది.